రొమాంటిక్ పీరియడ్ 1785 నుంచా, 1798 నుంచా?

ప్రశ్న: సార్ నమస్కారం. మాది తిరుపతి, ఎమ్మే ఇంగ్లీష్ ఫస్టియర్ చదవతా ఉండాను, లెక్చరర్ ఉద్యోగాలకి రాసే నెట్ పరీక్షకి కూడా ప్రిపేర్ అవతా ఉండాను. లిటరేచర్ పీరియడ్లు బట్టీ పట్టీ పట్టీ తల తిరగతా ఉంది. ఒక గైడ్‌లో రొమాంటిక్ పీరియడ్ 1785 నుంచి అని ఉంది, ఇంకో దాంట్లో 1798, సీనియర్ల నోట్స్‌లో 1789. మిల్టన్‌ని చూస్తే ఒకరు రినైసాన్స్ అంటారు, ఇంకొకరు ప్యూరిటన్ అంటారు, ఆయన కావ్యం పారడైజ్ లాస్ట్ ఏమో రెస్టొరేషన్‌లో వచ్చింది. ఏది రాయాల సార్?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మూడు తేదీలూ కరెక్టేనమ్మా. గైడ్లు తేదీ ఇచ్చాయి గానీ ఆ తేదీ ఎందుకు పెట్టారో చెప్పకుండా వదిలేశాయి, చిక్కంతా అక్కడే. ఇంగ్లీష్ నిఘంటువు రాసిన డాక్టర్ జాన్సన్ 1784 డిసెంబర్‌లో పోయాడు, ఆయనతో ఒక తరం అయిపోయింది అనుకునేవాళ్ళు 1785 అంటారు. 1789లో ఫ్రెంచ్ విప్లవం, అదే ఏడాది బ్లేక్ సాంగ్స్ ఆఫ్ ఇన్నొసెన్స్ వచ్చింది. 1798లో వర్డ్స్‌వర్త్, కోల్‌రిడ్జ్ కలిసి లిరికల్ బాలడ్స్ వేశారు. ఇప్పుడు నువ్వే చూడు, 1798 దగ్గర గట్టిగా గీత గీస్తే బ్లేక్ బయట పడిపోతాడు, 1786లో పద్యాల పుస్తకం వేసిన బర్న్స్ కూడా బయటే, అందుకే పాత పుస్తకాలు వీళ్ళని ప్రీ రొమాంటిక్ అని పక్కన కూర్చోబెట్టాయి. బ్లేక్‌ని పక్కన పెట్టడం నాకైతే మనసొప్పదు. ఇంకోటి, ఆ 1798 పుస్తకం మీద కవుల పేర్లే లేవు, మామూలు జనం మాట్లాడే భాషలో కవిత్వం రాయాలన్న ఆ పేరున్న ప్రిఫేస్ వచ్చింది 1800 నాటి రెండో ఎడిషన్‌లో. బిట్ పేపర్‌లో ఇక్కడ పొరబడటం చాలా తేలిక, గుర్తు పెట్టుకో.

పీరియడ్ల పేర్లన్నీ ఒకే లెక్కన పెట్టలేదు. ఎలిజబెతన్ (1558–1603), విక్టోరియన్ (1837–1901) రాణుల పేర్ల మీద, జాకొబియన్ (1603–1625) జేమ్స్ రాజు పేరు మీద. ఓల్డ్ ఇంగ్లీష్ ఒక యుద్ధంతో ముగుస్తుంది, 1066లో నార్మన్లు గెలిచాక రాజు కొలువులో ఫ్రెంచ్ వచ్చి కూర్చుంది. రొమాంటిక్ అనేది తర్వాతి వాళ్ళు అంటించిన పేరు, ఆ కవులకి తాము ఫలానా యుగంలో ఉన్నామని తెలీదు. షేక్‌స్పియర్‌ని కూడా ఎలిజబెతన్ అని రాసేసి వదిలెయ్యకు, కింగ్ లియర్, మాక్‌బెత్ రెండూ రాణి పోయాక జేమ్స్ కాలంలో రాసినవి.

ఇక మిల్టన్. ఈయన కథ తెలిస్తే మూడు పీరియడ్లు వాటంతట అవే వచ్చేస్తాయి. పుట్టింది 1608లో, అప్పటికి షేక్‌స్పియర్ బతికే ఉన్నాడు. 1642లో రాజుకీ, ప్యూరిటన్లు (చర్చిలో ఆడంబరాలు వద్దనే నిష్ఠ గల క్రైస్తవులు) బలంగా ఉన్న పార్లమెంటుకీ యుద్ధం మొదలైంది, ఆ సెప్టెంబర్‌లోనే పార్లమెంటు నాటకశాలలు మూయించింది. 1649లో చార్లెస్ రాజు తల నరికేశారు, మిల్టన్ ఆ కొత్త ప్రభుత్వంలో విదేశీ ఉత్తరాలు చూసే ఉద్యోగంలో చేరాడు, 1652 కల్లా చూపు పూర్తిగా పోయింది. 1660లో నరికించుకున్న రాజు కొడుకు తిరిగొచ్చి గద్దెనెక్కాడు, అదే రెస్టొరేషన్. మిల్టన్ దాక్కోవాల్సి వచ్చింది, ఆయన పుస్తకాలు తగలబెట్టారు, కొన్నాళ్ళు జైల్లో పెట్టారు. లండన్‌లో థియేటర్లు మళ్ళీ తెరిచి, ఆడవాళ్ళు కూడా స్టేజీ ఎక్కి, ఊరంతా కామెడీలు చూసి నవ్వుతుంటే అదే ఊళ్ళో కళ్ళు లేని మనిషి ఒక్కో లైను నోటితో చెప్తూ ఇంకొకరితో రాయించుకుంటూ పారడైజ్ లాస్ట్ పూర్తి చేశాడు. 1667లో అచ్చయింది, ముందు చేతికొచ్చింది 5 పౌండ్లు, మొదటి ఎడిషన్ 1300 కాపీలు అమ్ముడయ్యాక ఇంకో 5. కాబట్టి ఎస్సేలో ఇట్లా రాయి: చదువు గ్రీకు, లాటిన్ పాత విద్యల్ని మళ్ళీ పైకి తెచ్చిన రినైసాన్స్‌ది, నిలబడ్డ పక్షం ప్యూరిటన్లది, కావ్యం అచ్చయింది రెస్టొరేషన్‌లో.

డేట్లు నిలబడాలంటే పక్కన మనవాళ్ళని పెట్టుకో. కాంటర్‌బరీ టేల్స్ రాసిన కవి చాసర్ పోయింది 1400లో, అన్నమయ్య పుట్టింది 1408లో. కాక్స్‌టన్ 1476లో వెస్ట్‌మిన్‌స్టర్‌లో ఇంగ్లండ్‌లో మొదటి అచ్చు ప్రెస్ పెట్టేనాటికి అన్నమయ్య ఇంకా ఉన్నాడు, ఆయన పాటలు రాగిరేకుల కెక్కి శ్రీవారి గుళ్ళో భాండాగారంలో చేరాయి. చిత్తూరు కట్టమంచి రామలింగారెడ్డి గారు ముసలమ్మ మరణము రాసింది 1899లో, విక్టోరియా రాణి ఇంకా గద్దె మీదే ఉంది.

ప్రశ్న: మోడర్న్ పీరియడ్ ఎప్పుడు అయిపోయినట్టు సార్?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: ఎక్కువమంది 1945 అంటారు నాయనా, కొందరు రెండో ప్రపంచ యుద్ధం మొదలైన 1939 అంటారు. నడిమధ్య ఏడాది మాత్రం 1922, జాయిస్ నవల యులిసిస్, ఎలియట్ కవిత ది వేస్ట్ లాండ్ రెండూ ఆ ఏడే వచ్చాయి. 1939లో కవి యేట్స్, 1941లో జాయిస్, నవలా రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ పోయారు కాబట్టి ఆ గీతకి అర్థం ఉంది. ఎలియట్ ఒక్కడు మాత్రం 1965 దాకా ఉన్నాడు, ది కాక్‌టెయిల్ పార్టీ నాటకం 1949లో ఆడించాడు, ఆయన్ని మోడర్న్‌లోనే రాయి.