బాత్‌లో అబ్బే పక్కనున్న ఎంపైర్ హోటల్ గురించి

ఇంగ్లండ్‌లోని బాత్ నగరంలో, బాత్ అబ్బే అనే పెద్ద చర్చి దగ్గరున్న ఆ పెద్ద పాత హోటల్ పైకప్పు ఒక్కోచోట ఒక్కోలా ఎందుకుంది, లోపలికి వెళ్లి చూడొచ్చా అని అడిగారు కదా. అది ఎంపైర్ హోటల్, 1901లో పూర్తయింది. ఇప్పుడు పై అంతస్తులన్నీ జనం కాపురముండే ఫ్లాట్లు, కాబట్టి వాటిలోకి వెళ్లడం కుదరదు. దాని గురించి బెంగ పడకండి, అసలు చూడాల్సింది బయటే ఉంది.

నేను బ్రిస్టల్‌లో పనిచేసిన రెండేళ్లలో బాత్‌కు చాలాసార్లు వెళ్లాను, రైల్లో పావుగంటే. నాకు ఆ భవనం మొదట నచ్చలేదు. చుట్టూ పద్ధతిగా, ఒకే ఎత్తులో పద్దెనిమిదో శతాబ్దపు ఇళ్లు ఉంటే వాటి మధ్యలో ఇదొక్కటే ఇంత ఎత్తున లేచి నిలబడితే అందరికీ అడ్డంగానే అనిపిస్తుంది, కట్టినప్పటి నుంచీ దాన్ని తిట్టినవాళ్లు చాలామందే ఉన్నారు.

నాన్న వచ్చినప్పుడు మాత్రం నా చూపు మారింది. ఆయన ముప్పై ఏళ్లు మేస్త్రీగా చేశారు. రోడ్డు అవతల నిలబడి చాలాసేపు చూసి, "కింద గోడంతా ఒకరి చెయ్యి, పైన మాత్రం ముగ్గురు మేస్త్రీలు కట్టినట్టుందిరా" అన్నారు. నిజానికి కట్టించిన ఆర్కిటెక్ట్ ఒక్కరే, చార్లెస్ ఎడ్వర్డ్ డేవిస్. ఊరికి చాలా ఏళ్లు అధికారిక ఆర్కిటెక్ట్, అక్కడి రోమన్ స్నానవాటికల తవ్వకాల్లో ముందున్నదీ ఆయనే. మూలన బురుజు ఉన్న భాగం పెద్దవాళ్ల కోట, పక్కది మధ్యతరగతి ఇల్లు, ఆ తర్వాతది పేదవాళ్ల చిన్న ఇల్లు అని ఊళ్లో చెబుతారు. ఆ మాట విన్నాక పైకి చూస్తే మూడూ విడివిడిగా కనిపిస్తాయి.

రెండో ప్రపంచయుద్ధం రాగానే బ్రిటన్ నౌకాదళ వ్యవహారాల శాఖ దాన్ని తీసుకుంది, ఆ తర్వాత దశాబ్దాల పాటు అక్కడ ఆఫీసులే నడిచాయి. అంటే అది హోటల్‌గా బతికింది నలభై ఏళ్లు కూడా కాదు, నాకు బాధనిపించేది అదే.

దగ్గరికెళ్లి తలెత్తి చూస్తే ఏమీ తెలియదు. నార్త్ పరేడ్ వంతెన మీద నిలబడండి, తోట, నది, భవనం అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. పొద్దున్నే వెళ్తే మంచిది, ఎండ నదివైపు గోడ మీద పడి బాత్ రాయి, అంటే ఆ చుట్టుపక్కల దొరికే సున్నపురాయి, తేనెరంగులో ఉంటుంది.