సందేహాలు – సమాధానాలు: సందేహించేవాడు అవిశ్వాసేనా?

సందేహం (నరసాపురం నుంచి ఒక పాఠకుడు): మా క్రైస్తవ సంఘంలో ప్రశ్నలు ఎక్కువగా అడిగే ఒక కుర్రవాణ్ణి పెద్దలొకరు ‘అవిశ్వాసి’ అన్నారు. పార్టీ మారిన నాయకుణ్ణి టీవీ చర్చలో ‘విశ్వాసం లేనివాడు’ అన్నారు. చట్టసభలో పెట్టేదేమో ‘అవిశ్వాస తీర్మానం’. మూడు చోట్లా మాట ఒకటేనా? సందేహం ఉన్నంత మాత్రాన అవిశ్వాసి అనవచ్చునా?

సమాధానం: చివరి రెండూ తేలికగా తేలతాయి. టీవీలో విన్నది ‘తిన్న ఇంటి విశ్వాసం’, ‘కుక్కకున్న విశ్వాసం’ అనేటప్పటి విశ్వాసం. అది లేనివాడు కృతఘ్నుడు, దేవుడి ప్రసక్తి అక్కడ లేదు. చట్టసభలో విశ్వాసమంటే మంత్రివర్గం మీద సభకున్న భరోసా. 1954లో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం అవిశ్వాస తీర్మానంతోనే పడిపోయింది. 1963లో కృపలానీ నెహ్రూ మీద పెట్టినది లోక్‌సభలో మొదటిది, అది వీగిపోయింది. రెండు చోట్లా తేల్చింది తలల లెక్క.

ఇక అసలు ప్రశ్న. దానికి ముందు ‘సందేహం’ పుట్టుక చూడాలి, ఎందుకంటే దీన్ని మనం చాలా చులకనగా వాడుతున్నాం. ఇందులో ధాతువు ‘దిహ్’. సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠం దీనికి ‘ఉపచయే’ అని అర్థం చెప్పింది. ఉపచయమంటే పోగుపడడం, పెరగడం, డెల్టా మాటలో చెప్పాలంటే మేట వేయడం. పూయడం, మెత్తడం అనే అర్థాల్లోనూ ఈ ధాతువు ప్రయోగాలున్నాయి. ‘దేహం’ దీని నుంచే వచ్చింది. దానికి ‘సమ్’ ఉపసర్గ చేరితే సందేహం: రెండు కలిసిపోయేలా పూత పడడం. వరద తీసిన లంకకు వెళ్లి చూడండి. ఒండ్రు మేట వేసి గట్లు కప్పబడిపోతాయి. నా చేను ఎక్కడ ముగిసిందో, పొరుగువాడి చేను ఎక్కడ మొదలైందో తెలియదు. అంతమాత్రాన చేను లేదని ఏ రైతూ అనడు, గట్టు కోసం వెతుకుతాడు. సందేహమంటే ఆ వెతుకులాటకు ముందున్న స్థితి. ‘సంశయం’ కూడా దీనికి చుట్టమే: ‘శీ’ ధాతువు, రెండు పక్షాలు ఒకే పక్క మీద పడుకోవడం. ‘అనుమానం’ తర్కశాస్త్రంలో ప్రమాణం, పొగను చూసి నిప్పును ఊహించే సాధనం. దాన్ని మనం శంకగా దిగజార్చుకున్నాం.

తెలుగు బైబిలు ఈ మాటల తేడాను చక్కగా పాటించింది. నీళ్ల మీద నడుస్తూ మునగబోయిన పేతురు ‘సందేహపడ్డాడు’. అందుకు అతనికి దక్కిన పిలుపు ‘అల్పవిశ్వాసి’. ‘అవిశ్వాసి’ అనలేదు, గమనించండి. మత్తయి చివరి అధ్యాయంలో కొండ మీద ప్రభువుకు మొక్కినవారిలోనే కొందరు సందేహించారని ఉంది. మార్కు 9వ అధ్యాయంలో రోగి తండ్రి ‘నమ్ముచున్నాను’ అంటూనే, అదే ఊపిరిలో తన ‘అపనమ్మకం’ పోవడానికి సాయం అడిగాడు. పాపం, తోమాను అందరూ సందేహానికి గురుతుగా చెబుతారు గానీ, ప్రభువు తిరిగి లేచాడని తోటి శిష్యులు చెప్పినప్పుడు అతను పలికింది ‘నమ్మనే నమ్మను’ అని. ‘అవిశ్వాసివి కాక’ అనే హెచ్చరిక వచ్చింది ఆ మాటకే. అతను చూస్తాను, తాకుతాను అన్నది ప్రభువు దేహాన్ని. దేహం, సందేహం ఒకే ధాతువు బిడ్డలని తెలిసినవారికి ఆ ఘట్టం మరింత లోతుగా తోస్తుంది.

మీ సంఘపెద్దల వైపు నుంచీ ఒక మాట చెప్పాలి. సందేహించేవాడు గాలికి ఎగిరిపడే సముద్ర తరంగం వంటివాడని బైబిలులోని యాకోబు పత్రిక (లేఖ) గట్టిగానే అంది. పైగా ‘అవిశ్వాసి’ మొదట్లో ఉన్న ‘అ’కు, అంటే సంస్కృత వ్యాకరణం ‘నఞ్’ అనే నిషేధపదానికి, ఆరు అర్థాలున్నాయి. ‘అధర్మం’లో విరోధం, ‘అనుదర’లో అల్పత్వం. నడుము సన్నని స్త్రీని అనుదర అన్నట్టు, విశ్వాసం కొంచెమే ఉన్నవాణ్ణి అవిశ్వాసి అనడానికి వ్యాకరణం అడ్డు చెప్పదు. కానీ వినేవాడికి తోచేది విరోధమే. 1836లో బౌడెన్, బీర్ దంపతులు వచ్చి మిషను పని మొదలుపెట్టిన మీ నరసాపురం వైపు ‘విశ్వాసి’ అంటే సంఘ సభ్యుడనే వాడుక ఉంది. కాబట్టి అక్కడ ‘అవిశ్వాసి’ అంటే వెలి వేసినట్టే వినిపిస్తుంది. ఆ కుర్రవాణ్ణి ‘సందేహపడుతున్నవాడు’ అంటే చాలునని నా అభిప్రాయం. పిలిచే హక్కు సంఘానిది.

పత్రికలవారితో మాత్రం తగవు ఉంది. ఎన్నికలప్పుడు ‘విశ్వాసుల ఓటు ఎటు?’ అని రాయడం మానుకోవాలి. మనిషి గుండెలోని మాటను పోలింగ్ బూత్ లెక్కగా మార్చడం భాషకూ మర్యాద కాదు, మనిషికీ మర్యాద కాదు. క్రైస్తవ ఓటర్లు అంటే సరిపోతుంది. ‘విశ్వసనీయ వర్గాల భోగట్టా’ అనేదీ అంతే. ఆ వర్గాలెవరో చెప్పనప్పుడు విశ్వసనీయత పాఠకుడికెలా తెలుస్తుంది? విన్నమాటను విన్నమాటగా చెప్పడానికి తెలుగుకు ‘ట’ ఉంది. ‘మంత్రి రాజీనామా చేస్తారట’ అంటే, చెప్పేవాడు కళ్లారా చూడలేదని ఒక్క అక్షరం ఒప్పుకుంటుంది. అంత నిజాయితీ గల ప్రత్యయాన్ని వార్తల్లోంచి తరిమేశారు.

‘విశ్వాసం’లో ఉన్నది ‘శ్వస్’, ఊపిరి పీల్చడం. నిబ్బరంగా ఊపిరి తీసుకోగలగడమని భావం. ‘నమ్ము’ ద్రావిడ ధాతువు, తమిళ కన్నడాల్లో ‘నంబు’. ‘గోదారిని నమ్ముకున్న రైతు’ అనేటప్పటి బరువు దానిది. ‘దేవుణ్ణి నమ్ముతాను’, ‘దేవునియందు విశ్వాసముంచుతాను’ రెండూ సరైనవే. ఈ మధ్య వినిపిస్తున్న ‘దేవుడిలో నమ్ముతాను’ తెలుగు కాదు.