మాంటిల్ రాళ్ల అంకెలు నమ్మే ముందు

ఒంగోలు

చి. లావణ్యకు మామయ్య ఆశీస్సులు.

డిసర్టేషన్‌కి ఎగువ మాంటిల్ (భూమి పైపెంకు కిందున్న పొర) రాళ్ల జియోకెమిస్ట్రీ తీసుకున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. ఈ పనిలో మెషీన్ చేసే తప్పులు తక్కువమ్మా. రాయి ఏరేచోట, దంచేచోట జరిగేవే ఎక్కువ. అక్కడ చెడిన శాంపిల్‌ని మూలకాల్ని కొలిచే ఐసీపీ-ఎంఎస్ మెషీన్ ఎంత ఖరీదైనదైనా బాగుచేయలేదు. అందుకని గ్రాఫుల కంటే ఆ తప్పుల గురించే ఎక్కువ రాస్తున్నాను.

ముందు నీ చేతిలో ఉన్నది ఏ రాయో తేల్చుకో. మాంటిల్ కొంత కరిగి ఆ ద్రవం వెళ్లిపోయాక మిగిలిన పెరిడోటైట్ ఒకటి. మాగ్మా అడుగున స్ఫటికాలు పేరుకుని ఏర్పడిన క్యుములేట్ ఇంకొకటి. మాగ్మానే చల్లారి గట్టిపడిన బసాల్ట్, డోలరైట్ మూడోవి. వీటిలో మాంటిల్ ముక్క అనదగ్గది మొదటిదే. చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైట్‌గా అమ్ముడయ్యే గాబ్రో మాగ్మా నుంచి పుట్టిందే తప్ప మాంటిల్ ముక్క కాదు. నెల్లూరు షిస్ట్ బెల్ట్ దక్షిణ కొసన ఉన్న కండ్రలో గానీ, కనిగిరి దగ్గర గానీ ఓఫియోలైట్ (నేల మీదికి ఎక్కిన సముద్రపు అడుగు ముక్క) అంటే నీకు దొరికేది ఎక్కువగా గాబ్రోలు, డైకులు, ఆంఫిబోలైట్‌గా మారిన బసాల్టులు. అంటే పాత సముద్రపు నేల పైభాగం. మాంటిల్ గురించి అక్కడ కరిగి పైకొచ్చిన మాగ్మా ద్వారానే చదవాలి. కండ్ర వయసు సుమారు 185 కోట్ల ఏళ్లు, కనిగిరిది సుమారు 133 కోట్లు. రెండింటినీ ఒకే టేబుల్లో కలిపి సగటు తీయొద్దు. అసలైన పెరిడోటైట్ ముక్కలే కావాలంటే కచ్ ఆల్కలీ బసాల్టుల్లోని స్పినెల్ లెర్జొలైట్ జెనోలిత్‌ల (మాగ్మా పైకి మోసుకొచ్చిన పెరిడోటైట్ ముక్కల) వంటివాటి కోసం మీ గైడ్‌ని అడుగు.

ఫీల్డ్‌కి డిసెంబరు, జనవరిలో వెళ్లు. తుప్పురంగు పొర పోయేదాకా కొట్టి, లోపలి తాజా భాగం మధ్యరకం గింజ రాయికి రెండు కిలోలు, పెద్ద గింజకి నాలుగైదు కిలోలు తీసుకో. క్వారీలో పాలిష్ పట్టిన ముక్క ముట్టుకోవద్దు, దానికి రెజిన్ పట్టి ఉంటుంది. వైర్ సా కోసిన ముఖమూ వద్దు. సుత్తితో కొట్టి విరగ్గొట్టిన ముఖమే కావాలి. కోత గీతలు తప్పకపోతే సిలికాన్ కార్బైడ్ కాగితంతో అరగదీసి పోగొట్టు. నంబరు రాయి మీద పెయింట్‌తో రాయకుండా సంచి మీద, సంచిలో వేసే చీటీ మీద రాయి. కనిగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్, లవణాలు ఎక్కువ. తాగడానికి నీళ్లు వెంట తీసుకెళ్లు, ఆ బోరు కింద రాళ్లు కడగొద్దు. ల్యాబ్‌కి వచ్చాక డిస్టిల్డ్ వాటర్‌లో అల్ట్రాసోనిక్ బాత్‌లో మూడుసార్లు కడిగి, చివరి నీళ్లలో ఒక చుక్క సిల్వర్ నైట్రేట్ వెయ్యి. తెల్లగా మసకబారిందంటే ఉప్పు ఇంకా ఉన్నట్టే, మళ్లీ కడుగు.

రాయి ఎంత సర్పెంటీన్‌గా (పెరిడోటైట్‌లోకి నీరు చేరితే పుట్టే ఖనిజంగా) మారిందో ల్యాబ్‌కి వెళ్లకముందే ఇంట్లోనే తెలుస్తుంది. దారం కట్టి పొడిగా ఒకసారి, నీళ్లలో ముంచి ఒకసారి తూచు. పొడి బరువు 330 గ్రాములు, నీళ్లలో 230 అయితే సాంద్రత 3.3, అంటే తాజా పెరిడోటైట్. పూర్తిగా సర్పెంటీన్ అయిపోతే 2.6 దగ్గరికి దిగుతుంది. అయస్కాంతం గట్టిగా అతుక్కుంటే మాగ్నెటైట్ పుట్టిందని అర్థం, అదీ సర్పెంటీన్ మార్పు గుర్తే.

ఇక దంచడం. నీ శ్రద్ధంతా ఇక్కడ పెట్టు. హార్జ్‌బర్గైట్‌లో (బాగా కరిగాక మిగిలిన పెరిడోటైట్‌లో) లాంథనం 0.1 పీపీఎం (పది లక్షల్లో వంతు) కూడా ఉండకపోవచ్చు. మన వైపు ఆల్కలీ రాళ్లలో, ఏల్చూరు నెఫిలిన్ సైనైట్ లాంటివాటిలో, రేర్ ఎర్త్స్ (లాంథనం, యూరోపియం వంటి మూలకాలు) దండిగా ఉంటాయి. మిల్లులో అంతకుముందు నూరిన రాయిలో లాంథనం 100 పీపీఎం ఉందనుకో. దాని పొడి వెయ్యో వంతు నీ పొడిలో కలిసినా 0.1 పీపీఎం వచ్చి చేరుతుంది. నీ రాయి అసలు విలువ కంటే కలిసిందే ఎక్కువ. పచ్చిమిరపకాయ రుబ్బిన రోట్లో పాయసానికి యాలకులు దంచినట్టు. ఆ అంకెతో గ్రాఫ్ గీస్తే, 'మాంటిల్‌లోకి ద్రవాలు చొరబడ్డాయి' అని రాసుకుని కూర్చుంటావు. అందుకని నీ పెరిడోటైట్లు ముందు నూరించు, గ్రానైట్లు, సైనైట్లు ఆ తర్వాత. జా క్రషర్, మిల్లు రెండింటిలోనూ శుభ్రమైన క్వార్ట్జ్ నూరి పారబొయ్యి, తర్వాత నీ రాయిలోంచే కొంచెం నూరి అదీ పారబొయ్యి, ఆపైనే అసలు శాంపిల్ పెట్టు.

పాత్ర ఏదన్నది కూడా ముఖ్యమే. టంగ్‌స్టన్ కార్బైడ్ మిల్లు టంగ్‌స్టన్, కోబాల్ట్, టాంటలం అంటిస్తుంది. స్టీలు ఇనుము, క్రోమియం వదుల్తుంది. అల్యూమినా మిల్లయితే అల్యూమినియం పెరుగుతుంది. అల్యూమినా ఒక శాతమే ఉన్న రాయికి అది చాలా పెద్ద తప్పు. అగేట్ (గట్టి సిలికా రాయి) మిల్లులో 200 మెష్ దాకా నూరు. జల్లెడ నైలాన్‌దే వాడు, ఇత్తడిది వద్దు.

లాస్ ఆన్ ఇగ్నిషన్ (ఎల్‌ఓఐ, అంటే కాలిస్తే తగ్గే బరువు) నువ్వే స్వయంగా చెయ్యి. ముందే కాల్చి తూచిన మూసలో ఒక గ్రాము పొడి వేసి, 110 డిగ్రీల్లో రెండు గంటలు ఆరబెట్టి, డెసికేటర్‌లో చల్లార్చి తూచు. తర్వాత 1000 డిగ్రీల్లో గంట ఉంచి, మళ్లీ డెసికేటర్‌లో చల్లార్చి తూచు. స్వచ్ఛమైన సర్పెంటీన్‌లో నీరు 13 శాతం. తాజా రాయికి విలువ మైనస్‌లో వస్తే భయపడకు. ఎఫ్‌ఈఓ (ఐరన్ ఆక్సైడ్) 8 శాతం ఉండి మొత్తం ఆక్సిజన్ పట్టుకుంటే బరువు 0.89 శాతం పెరుగుతుంది, అంతే.

ఆ తర్వాత నీరు తీసేసి మిగతా ఆక్సైడ్లను 100కి సరిచెయ్యి. ఎంజీఓ (మెగ్నీషియం ఆక్సైడ్) 38.0, ఎల్‌ఓఐ 12 అయితే 38ని 0.88తో భాగించు, 43.2 వస్తుంది. సరిచేసిన ఎఫ్‌ఈ2ఓ3 (ఇనుమంతా ఈ ఆక్సైడ్‌గా లెక్కిస్తే) 8.9 ఉందనుకుంటే దాన్ని 0.8998తో గుణించి ఎఫ్‌ఈఓ 8.01గా మార్చు. ఒక్కోదాన్ని దాని అణుభారంతో (40.30, 71.84) భాగించి, రెండూ కలిపిన మొత్తంలో మెగ్నీషియం వంతు ఎంత శాతమో చూస్తే మెగ్నీషియం నంబరు 90.6 వస్తుంది. ఎఫ్‌ఈఓగా మార్చడం మర్చిపోతే అదే రాయి 89.6 చూపిస్తుంది. ఆదిమ మాంటిల్ (ఇంకా కరగని తొలి మాంటిల్) విలువ 89 దగ్గర ఉంటుంది కాబట్టి ఆ ఒక్క అంకె తేడాతో బాగా కరిగిన రాయి కరగని రాయిలా కనబడుతుంది.

అవశేష పెరిడోటైట్ అయితే మెగ్నీషియం నంబరు 89 నుంచి 92 మధ్య, నికెల్ రెండువేల పీపీఎం చుట్టుపక్కల ఉంటుంది. ఆదిమ మాంటిల్‌లో నికెల్ 1960 పీపీఎం, అల్యూమినా 4.45 శాతం. నంబరు 89కి బాగా కిందికి పడి, నికెల్ కూడా బాగా తగ్గితే క్యుములేట్ అని అనుమానించు. ఎంజీఓను సిలికాతో, అల్యూమినాను సిలికాతో భాగించి ఒకదాని మీద ఒకటి గీసి చూడు. ఆదిమ మాంటిల్‌కి అవి 0.84, 0.099. నీ చుక్కలు మాంటిల్ గీత (తాజా మాంటిల్ రాళ్లు పడే వరస) కిందికి జారితే రాయి మెగ్నీషియం పోగొట్టుకుంది. అలాంటి శాంపిల్‌ని కరుగుదల లెక్కకు వాడకు.

మైక్రోప్రోబ్ (ఒక్కో ఖనిజం గింజని విడిగా కొలిచే యంత్రం) దొరికితే స్పినెల్ తప్పకుండా చేయించు, అది మార్పుకి ఆలివిన్ కంటే బాగా తట్టుకుంటుంది. దాని క్రోమియం నంబరు (క్రోమియం, అల్యూమినియం అణువుల మొత్తంలో క్రోమియం వంతు) 0.1 నుంచి 0.6 లోపు ఉంటే 2001లో హెలెబ్రాండ్ బృందం ఇచ్చిన సూత్రం ఉంది: ఆ నంబరు సహజ లాగరిథమ్‌ని 10తో గుణించి 24 కలుపు. 0.40కి సుమారు 14.8 శాతం కరిగినట్టు. క్యుములేట్‌కి మాత్రం దీన్ని వేయకు.

ఆసిడ్‌లో కరిగించేటప్పుడు 50 మిల్లీగ్రాముల పొడికి హైడ్రోఫ్లోరిక్, నైట్రిక్ ఆసిడ్లు మూడుకి ఒకటి పాళ్లలో పోసి మూతబెట్టిన టెఫ్లాన్ గిన్నెలో రెండు రోజులు వేడి మీద ఉంచుతారు. అడుగున నల్ల నలకలు మిగిలితే అవి క్రోమైట్. నీ క్రోమియం తక్కువ వస్తుంది, దానికి ఫ్యూజన్ బీడ్ (పొడిని కరిగించి చేసిన గాజు బిళ్ల) మీద ఎక్స్‌ఆర్‌ఎఫ్ (ఎక్స్‌రేలతో కొలిచే పద్ధతి) విలువే వాడు. తెల్లని మడ్డి మిగిలితే ఫ్లోరైడ్‌లు, అవి రేర్ ఎర్త్స్‌ని పట్టి ఉంచుతాయి; నైట్రిక్ పోసి ఆరబెట్టడం మళ్లీ మళ్లీ చెయ్యి. హైడ్రోఫ్లోరిక్‌తో ఒంటరిగా పనిచేయొద్దు తల్లీ. ఫ్యూమ్ హుడ్, మందపాటి గ్లవ్స్, పక్కనే కాల్షియం గ్లూకోనేట్ జెల్ ఉండాలి. మొదట నొప్పి తెలియకుండానే అది ఎముక దాకా పోతుంది.

ప్రతి బ్యాచ్‌లో రాయి వేయని బ్లాంక్ ఒకటి, పీసీసీ-1, జేపీ-1, యూబీ-ఎన్‌ల లాంటి స్టాండర్డ్ (విలువలు ముందే తెలిసిన రాతిపొడి) ఒకటి పెట్టించు. స్టాండర్డ్‌కి మామూలు శాంపిల్ నంబరే ఇవ్వు. యూరోపియం ఒక్కటే పైకి లేచి కనబడితే బేరియం చూడు. బేరియం ఆక్సైడ్ బరువు యూరోపియం బరువుతో సమానం కాబట్టి మెషీన్ పొరబడుతుంది.

కండ్ర, కనిగిరి బసాల్టులకైతే రుబీడియం, బేరియం, స్ట్రాన్షియం, పొటాషియంతో ఏ నిర్ణయానికీ రావద్దు. రూపాంతరంలో అవి కదిలిపోతాయి. టైటానియం, జిర్కోనియం, నియోబియం, ఇట్రియం, థోరియం, ఇటర్బియం నమ్ము. థోరియం/ఇటర్బియం ఎక్కువైతే సబ్‌డక్షన్ (ఒక ఫలకం ఇంకోదాని కిందికి దిగడం) అని వెంటనే రాసేయకు, ఖండపు శిలలు కలిసినా అట్టాగే వస్తుంది.

ప్రతి రాయిలో సగం దంచకుండా పక్కన ఉంచి, ఒక థిన్ సెక్షన్ (మైక్రోస్కోప్ కింద చూసే పలుచటి రాతి పొర) తీయించు. ఎల్‌ఓఐ, మేజర్ ఆక్సైడ్ల టేబుల్ రాగానే, గ్రాఫులు గీయకముందే నాకు పంపు. మొత్తం 98.5 నుంచి 101 లోపు లేని వరసల్ని ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టి పంపు, వాటిని ముందు చూద్దాం.

ఇట్లు,
మీ మామయ్య