పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి, మైలేజీ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో రెండు బండ్లు చూశాను. ఒకటి పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్ (కావాలన్నప్పుడే నాలుగు చక్రాలకూ బలం ఇచ్చేది), రెండోది ఫుల్ టైమ్ (ఎప్పుడూ నాలుగింటికీ ఇచ్చేది). నేను తిరిగేది ఎక్కువగా తారు రోడ్డు మీదే. నెలకు ఒకటి రెండుసార్లు బురద దారిలో వెళ్లాలి. రెండింటిలో ఏది తక్కువ తాగుతుంది?

జవాబు: మీ వాడకానికి పార్ట్ టైమ్ బండే తక్కువ తాగాలి. అయితే అది తారు రోడ్డు మీద నిజంగా రెండు చక్రాల మీదే నడుస్తోందా అన్నది కొనేముందు తేల్చుకోండి. చాలా పాత బండ్లలో రెండు చక్రాలా, నాలుగు చక్రాలా అన్నది మార్చే లీవరు ఒకటి చెబుతుంది, కింద జరిగేది మరొకటి.

లీవరు 2హెచ్ (రెండు చక్రాల స్థానం)లో ఉంటే ఇంజిన్ బలం వెనక చక్రాలకే వెళ్తుంది. కానీ ముందు చక్రాలూ రోడ్డు మీద దొర్లుతూనే ఉంటాయి కదా. ముందు హబ్బులు (చక్రాన్ని షాఫ్టుతో కలిపే మధ్య భాగాలు) లాక్ అయి ఉంటే ఆ చక్రాలు యాక్సిల్ షాఫ్టులను, డిఫరెన్షియల్‌ను (రెండు వైపులా వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల పెట్టె), ముందు ప్రొపెల్లర్ షాఫ్టును (బండి పొడవునా బలం మోసే కడ్డీ) ఊరికే తిప్పుతుంటాయి. గేర్ ఆయిల్‌ను చిలుకుతూ తిరిగే ఈ సామానంతటికీ అయ్యే ఖర్చు మీ ట్యాంకులోంచే పోతుంది. ఫ్రీ వీలింగ్ హబ్బులు పెట్టింది దీన్ని ఆపడానికే. చేత్తో తిప్పే రకమైతే చక్రం మధ్య బిళ్ల మీద ‘ఫ్రీ’, ‘లాక్’ గుర్తులుంటాయి. ఏళ్ల తరబడి కదపనివి తుప్పుతో ‘లాక్’ దగ్గరే బిగుసుకుపోతాయి. వాక్యూమ్‌తో పనిచేసే రకంలో సన్నటి రబ్బరు గొట్టం చిట్లితే చాలు, హబ్బు మాట వినదు.

పరీక్ష కష్టమేమీ కాదు. సమతలంగా ఉన్న చోట హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు అడ్డు కట్టెలు పెట్టి, ముందు భాగాన్ని జాకీతో లేపి స్టాండ్ల మీద నిలపండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి చేయి పెట్టొద్దు. లీవరు 2హెచ్‌లో, హబ్బులు ఫ్రీలో ఉంచి ముందు చక్రాన్ని చేత్తో తిప్పండి. చక్రం మాత్రమే తిరగాలి, దాని వెనక రబ్బరు బూటు తొడిగిన షాఫ్టు కదలకూడదు. కొన్ని బండ్లలో హబ్బుల బదులు ముందు యాక్సిల్‌లోనే విడదీసే ఏర్పాటు ఉంటుంది. వాటిలో పక్క షాఫ్టు తిరిగినా ప్రొపెల్లర్ షాఫ్టు మాత్రం నిలిచే ఉండాలి.

జాకీ వేయడానికి అమ్మేవారు ఒప్పుకోకపోతే ఇంకో పరీక్ష ఉంది, అయితే ఇది హబ్బుల సంగతి చెప్పదు. పొడిగా, గట్టిగా ఉన్న నేల మీద 2హెచ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పి, నడక వేగంతో ఒక చుట్టు కొట్టండి. బండి పట్టేసినట్టు ఆగి ఆగి కుదుపుతూ తిరిగితే ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజిన్ బలాన్ని ముందుకూ వెనక్కూ పంచే గేర్ల పెట్టె) 4హెచ్ (నాలుగు చక్రాల స్థానం) నుంచి బయటికి రాలేదని అర్థం. పార్ట్ టైమ్ బండికి మధ్య డిఫరెన్షియల్ ఉండదు కాబట్టి 4హెచ్‌లో ముందు, వెనక షాఫ్టులు ఒకే వేగంతో తిరగాల్సిందే. మలుపులోనేమో ముందు చక్రాలు ఎక్కువ దూరం పోవాలి. ఆ తేడా ఎటూ పోలేక టైర్లను రోడ్డుకేసి రాస్తుంది. మైలేజీతో పాటు టైర్లు, గేర్లు కూడా అరుగుతాయి.

ఫుల్ టైమ్ బండిలో మధ్య డిఫరెన్షియల్ ఆ తేడాను సర్దుతుంది, అందుకే తారు రోడ్డు మీద హాయిగా నడుస్తుంది. నాలుగు చక్రాల సామానూ ఎప్పుడూ తిరుగుతుంటుంది కాబట్టి కొంచెం ఎక్కువే తాగుతుంది. ఆ తేడా జనం భయపడేంత పెద్దది కాదు. చెడిపోయిన హబ్బులతో తిరిగే పార్ట్ టైమ్ బండి కన్నా బాగున్న ఫుల్ టైమ్ బండిని ఎంచుకోవడమే మేలు. రెండు గుణాలూ కావాలంటే 1991లో వచ్చిన రెండో తరం మిత్సుబిషి పజెరోలోని సూపర్ సెలెక్ట్ లాంటి ఏర్పాటు చూడండి. అందులో 2హెచ్ ఉంది, తారు రోడ్డు మీద వాడుకోగల 4హెచ్ కూడా ఉంది.

ప్రశ్న: అమ్మే ఆయన లీటరుకు 12 కిలోమీటర్లు ఇస్తుందంటున్నారు. డ్యాష్‌బోర్డు మీద కూడా అంతే కనిపిస్తోంది. నమ్మవచ్చా?

జవాబు: డ్యాష్‌బోర్డు చూపే సగటు ఎప్పుడు రీసెట్ చేశారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఖాళీ రహదారిలో నిలకడగా వెళ్తున్నప్పుడు రీసెట్ చేస్తే ఏ బండైనా గొప్పగానే చూపిస్తుంది. నమ్మదగింది ట్యాంకు నుంచి ట్యాంకు లెక్క. పంపు గన్ను తనంతట తాను ఆగేవరకు నింపండి, పైపైన ఒత్తి పోయించొద్దు. కనీసం 300 కిలోమీటర్లు తిరిగి అదే పంపు దగ్గర, బండి అదే వాలులో నిలబెట్టి, మళ్లీ అలాగే నింపండి. తిరిగిన దూరాన్ని రెండోసారి పట్టిన లీటర్లతో భాగించాలి. కొనేముందు ఇంత దూరం నడపనివ్వరు కాబట్టి అమ్మేవారి దగ్గర ఇంధనం రసీదులు, సర్వీసు పుస్తకం ఉంటే అడగండి. వరుస తేదీలతో ఓడోమీటర్ అంకెలు రాసిపెట్టుకున్న మనిషి మాటకు విలువ ఎక్కువ.

ఇక్కడ చాలామంది మరిచిపోయేది టైరు సైజు. కంపెనీ ఇచ్చింది 245/70 ఆర్16 అనుకోండి, దాని వ్యాసం సుమారు 749 మిల్లీమీటర్లు. దాని స్థానంలో 265/75 ఆర్16 వేస్తే 804 అవుతుంది, అంటే 7 శాతం పెద్దది. ఓడోమీటర్ 100 చూపేసరికి బండి 107 కిలోమీటర్లు పోయి ఉంటుంది. అలాంటి బండి లీటరుకు 9 ఇస్తోందని లెక్క తేలితే నిజానికి ఇచ్చేది 9.6. చిన్న టైర్లు వేస్తే ఇదే తలకిందులవుతుంది, లేని మైలేజీ కనిపిస్తుంది. ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని 20 కిలోమీటర్లు నడిపితే ఓడోమీటర్ ఎంత తప్పుతోందో తెలిసిపోతుంది.

పోలికకు లీటరుకు కిలోమీటర్లు కన్నా 100 కిలోమీటర్లకు లీటర్లు అన్న లెక్క మంచిది. ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరిగేవారికి 8 ఇచ్చే బండి బదులు 9 ఇచ్చేది దొరికితే 208 లీటర్లు మిగులుతాయి. 14 బదులు 15 ఇచ్చేది దొరికితే మిగిలేది 71 లీటర్లే. రెండు చోట్లా తేడా ఒక్క కిలోమీటరే, కానీ ఎక్కువ తాగే బండి దగ్గర దాని విలువ దాదాపు మూడింతలు. కాబట్టి పెద్ద బండి కొనేవారు ఆ ఒక్క కిలోమీటరును చిన్నచూపు చూడొద్దు.

ప్రశ్న: నాకు నచ్చిన బండికి పెద్ద మడ్ టైర్లు, ఇనుప బంపరు, రూఫ్ ర్యాక్ బిగించి ఉన్నాయి. ఇవి మైలేజీని ఎంత తింటాయి?

జవాబు: తినేది మీరు తిరిగే వేగాన్ని బట్టి. ఊళ్లో ఆగుతూ సాగుతూ తిరిగితే బరువు తింటుంది, రహదారి మీద గాలి తింటుంది. గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది: 80 నుంచి 100కి వెళ్తే 1.56 రెట్లు. రూఫ్ ర్యాక్ ఖాళీగా ఉన్నా ఈ లెక్క తప్పదు. అవసరం లేనప్పుడు విప్పి ఇంట్లో పెట్టుకోగలిగింది అదొక్కటే, కనుక బోల్టులు తుప్పు పట్టకుండా ఉన్నాయేమో చూడండి.

మడ్ టైర్లు రెండు విధాలుగా దెబ్బ తీస్తాయి. లోతైన గళ్లు, మందమైన గోడలు దొర్లేటప్పుడు ఎక్కువగా వంగి వేడెక్కుతాయి. వ్యాసం పెరిగితే ప్రతి గేరూ పొడవవుతుంది, ఇంజిన్ ఈడ్చుకుంటూ లాగుతుంది, ఆటోమేటిక్ అయితే చిన్న ఎత్తుకు కూడా కింది గేరుకు దిగుతుంది. మీ తిరుగుడుకు మామూలు ఆల్ టెర్రెయిన్ టైర్లు, అదీ కంపెనీ సైజులో, సరిపోతాయి. వాటి ఖర్చు బేరంలోనే తగ్గించమనండి.

పెద్ద టైర్లకు తగ్గట్టు డిఫరెన్షియల్ నిష్పత్తి (దాని గేర్ల పళ్ల లెక్క) మార్చామని అమ్మేవారు చెబితే ముందు, వెనక రెండూ మార్చారా అని తప్పకుండా అడగండి. ఒక్కదాన్నే మార్చిన బండిని 4హెచ్‌లో వేస్తే తిన్నగా వెళ్తున్నా ముందూ వెనకా ఒకదాన్నొకటి లాక్కుంటాయి, ట్రాన్స్‌ఫర్ కేసు ఎక్కువ రోజులు బతకదు.

ప్రశ్న: టెస్ట్ డ్రైవ్‌లో ఇంధనం తాగే జబ్బులను ఎలా పట్టుకోవాలి?

జవాబు: ముందు రోజే ఫోన్ చేసి, మీరు వచ్చేవరకు ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని చెప్పండి. చల్లటి ఇంజిన్ నిజం చెబుతుంది. ముందుగా డ్రైవరు తలుపు పక్క స్టిక్కరు మీదున్న ప్రకారం టైర్లలో గాలి చూడండి. మరీ ఎక్కువ గాలి కొట్టి ఉంచితే బండి తేలిగ్గా దొర్లుతున్నట్టు అనిపిస్తుంది.

చవకైన ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటరులోని అంకెలు చదివే పరికరం) ఒకటి వెంట తీసుకెళ్లండి. నడుస్తున్నప్పుడు కూలెంట్ వేడి మామూలుగా 80 నుంచి 95 డిగ్రీల మధ్య నిలబడాలి. రహదారి మీద 60, 70 దగ్గరే తచ్చాడుతుంటే థర్మోస్టాట్ (కూలెంట్ దారిని తెరిచి మూసే కవాటం) తెరుచుకుని బిగుసుకుపోయింది. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటరు అదనంగా ఇంధనం పోస్తుంది. చిన్న భాగం, తేలిగ్గా మారుతుంది, అందుకే దీని కోసం బండి వదులుకోనక్కర్లేదు. పెట్రోల్ బండిలో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటరు ఇంధనాన్ని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె) కూడా చూడండి. సున్నాకు అటూ ఇటూ కొద్దిగా ఉండటం మామూలే. 10 శాతం దాటిందంటే గాలి లీకు, మురికి పట్టిన ఎయిర్ ఫ్లో సెన్సరు, అలసిపోయిన ఆక్సిజన్ సెన్సరు, కారే ఇంజెక్టరు లాంటివేవో ఉన్నట్టే.

డీజిల్ అయితే మీరు నడుపుతూ వెనక ఇంకొకరిని చూడమనండి. గట్టిగా తొక్కినప్పుడు దట్టమైన నల్ల పొగ వస్తే ఇంధనానికి సరిపడా గాలి అందడం లేదు. ఎయిర్ ఫిల్టరు, ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచే భాగం) గొట్టాల కీళ్లు చూడండి. కీలు దగ్గర తడి నూనె మరక, తొక్కినప్పుడు ఈల లాంటి చప్పుడు రెండూ ఉంటే టర్బో గాలి అక్కడే పోతోంది. ఫిల్టరు, కీళ్లు బాగున్నా పొగ తగ్గకపోతే ఇంజెక్టర్ల లీక్ బ్యాక్ పరీక్ష (ఒక్కోటి ఎంత డీజిల్‌ను వెనక్కి వదిలేస్తోందో కొలవడం) చేయించకుండా బయానా ఇవ్వొద్దు. ఇంజెక్టర్ల సెట్టు ఖర్చు మైలేజీలో ఏళ్ల తరబడి మిగిలేదాన్ని ఒక్కసారే మింగేస్తుంది.

ఆటోమేటిక్‌లో 80 దగ్గర నిలకడగా వెళ్తూ ఆర్‌పీఎం ముల్లును గమనించండి. గేరు మారకుండానే అది ఉన్నచోటు నుంచి ఓ 200 మేర తగ్గి స్థిరపడితే టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ బలాన్ని నూనె ద్వారా గేర్‌బాక్సుకు అందించే భాగం) లాక్ అయినట్టు. కొద్దిగా తొక్కగానే వేగం పెరగకుండా ముల్లు మాత్రమే ఎగబాకుతుంటే లాక్ కావడం లేదు. లోపల నూనె జారుతున్నంతసేపూ ఇంధనం వేడిగా మారి పోతూనే ఉంటుంది.

దిగగానే నాలుగు చక్రాల దగ్గరా అరచేయి పెట్టి చూడండి, తాకకుండా. ఒక్కటి మాత్రం మిగతావాటి కన్నా బాగా వేడిగా ఉంటే బ్రేకు పట్టేసి ఉంది, లేదా బేరింగ్ పోయింది.

ప్రశ్న: పెట్రోలా, డీజిలా?

జవాబు: దూరాలు తిరిగేవారికి డీజిలే. లీటరులో శక్తి ఎక్కువ, కంప్రెషన్ ఎక్కువ, తక్కువ వేగంలోనే లాగుతుంది. రోజూ నాలుగైదు కిలోమీటర్లే తిరిగేవారు మాత్రం పార్టిక్యులేట్ ఫిల్టరు ఉన్న డీజిల్ జోలికి పోవద్దు. ఆ ఫిల్టరు తనలోని మసిని కాల్చుకోవడానికి అదనంగా ఇంధనం పోయించుకుంటుంది. చిన్న తిరుగుళ్లలో ఆ పని మధ్యలోనే ఆగి మళ్లీ మళ్లీ మొదలవుతుంది, ఇంజిన్ ఆయిల్‌లో డీజిల్ కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ గరిష్ఠ గీత దాటి, డీజిల్ వాసన వస్తుంటే ఆ బండి అలాగే తిరిగిందని తెలుస్తుంది.

ప్రశ్న: ఫుల్ టైమ్ బండికి ముందు ప్రొపెల్లర్ షాఫ్టు విప్పేస్తే మైలేజీ పెరుగుతుందని మెకానిక్ అంటున్నారు. విప్పించమంటారా?

జవాబు: వద్దు. మధ్య డిఫరెన్షియల్ ఎప్పుడూ తేలిగ్గా తిరిగే వైపుకే బలం వదిలేస్తుంది. ముందు షాఫ్టు లేకపోతే ఆ కొస ఖాళీగా తిరుగుతుంది, బండి కదలదు. కదలాలంటే డిఫరెన్షియల్‌ను లాక్ చేసి నడపాలి. విస్కస్ కప్లింగ్ (ముందు, వెనక షాఫ్టులను చిక్కటి ద్రవంతో కలిపే భాగం) ఉన్న బండిలో కప్లింగే ఆ భారమంతా మోసి, వేడెక్కి పాడవుతుంది. పైగా నాలుగు చక్రాలు పంచుకోవాల్సిన లాగుడంతా వెనక యాక్సిల్ మీద పడుతుంది. ముందు చక్రాలు ఎలాగూ ముందు డిఫరెన్షియల్‌ను తిప్పుతూనే ఉంటాయి కాబట్టి మిగిలే ఇంధనం చాలా కొద్ది.

అదే మెకానిక్‌తో నాలుగు టైర్ల గళ్ల లోతు కొలిపించండి. లోతులో 1 మిల్లీమీటరు తేడా ఉంటే చుట్టుకొలతలో 6 మిల్లీమీటర్లకు పైగా తేడా వస్తుంది. రెండు కొత్తవి, రెండు అరిగినవి వేసుకుని తిరిగే బండిలో మధ్య డిఫరెన్షియల్ గానీ కప్లింగ్ గానీ తిన్నటి రోడ్డు మీద కూడా ఒక్క క్షణం విశ్రాంతి లేకుండా పనిచేస్తుంది. నాలుగూ ఒకే కంపెనీవి, ఒకే మోడలువి, ఒకే అరుగుడుతో ఉండేలా చూసుకుని, చెప్పిన సమయానికి ముందు వెనక మార్పించండి. ఈ ఖర్చు షాఫ్టు విప్పించేదాని కన్నా ఎక్కువే, కానీ బండి పాడు కాకుండా మైలేజీ నిలబడేది దీనితోనే.