జ్వరం దిగిందని ఊరుకోవద్దు

ప్రశ్న: నా వయసు 44, బీపీ ఉంది. మా వీధిలో ఇద్దరికి డెంగీ వచ్చింది. వైరస్ కణంలోకి దూరడానికి ఆమ్లం కావాలని, హైడ్రాక్సీక్లోరోక్విన్ దాన్ని తగ్గిస్తుందని చదివాను. కరోనా నాటి మాత్రలు ఇంట్లో ఉన్నాయి, ముందుజాగ్రత్తగా వేసుకోవచ్చా? పాంటాప్, వంటసోడా నీళ్లు కూడా పనిచేస్తాయా? నాకు నాలుగు రోజులు జ్వరం వచ్చి నిన్న తగ్గింది. ఒళ్లునొప్పులకు మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ ఇచ్చారు. కాస్త కడుపునొప్పిగా ఉంది.
– ఓ పాఠకుడు, సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: చివర్లో రాశారు గానీ, అదే ముందు రాయాల్సింది. వీధిలో డెంగీ, నిన్ననే దిగిన జ్వరం, కడుపునొప్పి... ఇవాళే డాక్టర్‌కి చూపించుకోండి. డెంగీ అయితే జ్వరం దిగాక 24 నుంచి 48 గంటలే అసలు గండం. రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరి బీపీ పడిపోయేది అప్పుడే. సీబీసీ (రక్తకణాల పరీక్ష)లో ప్లేట్‌లెట్లతో పాటు హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) కూడా చూడమనండి, నీరు బయటికి ఊరితే అది పెరుగుతుంది. మనవాళ్లు ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే పట్టుకుని టెన్షన్ పడతారు. వాంతులు ఆగకపోయినా, చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా, మలం నల్లగా అయినా, మగతగా ఉన్నా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.

డైక్లోఫెనాక్ ఆపేయండి, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. లివర్ జబ్బు లేకపోతే నొప్పికి పారాసిటమాల్ చాలు, మోతాదు మాత్రం డాక్టర్‌ని అడగండి. బీపీ మాత్రలు ఈ నాలుగు రోజులూ ఎలా వాడాలో కూడా అడగండి. ‘ఒళ్లునొప్పులకు ఏదైనా ఇవ్వండి’ అంటే షాపువాళ్లు నాలుగు రంగుల మాత్రలు కవర్లో పోసి ఇస్తారు. వాటి పేర్లు కూడా తెలియకుండా మింగి, అయిదో రోజు మా దగ్గరికి వస్తారు. ఆ కవర్ పారేయకుండా వెంట తీసుకెళ్లండి.

మీరు చదివింది తప్పేం కాదు. డెంగీ, ఫ్లూ వైరస్‌లను కణం ఓ చిన్న సంచిలో లోపలికి తీసుకుంటుంది. అదే ఎండోసోమ్. లోపలికి పోయేకొద్దీ అందులో పీహెచ్ 6.5 నుంచి 5 దాకా దిగుతుంది, అంటే పులుపు (ఆమ్లం) పెరుగుతుంది. ఆ పులుపు తగిలితే వైరస్ పైనున్న ప్రోటీన్ రూపు మార్చుకుని సంచి పొరతో కలిసిపోతుంది, జన్యుపదార్థం కణంలోకి జారుకుంటుంది. క్లోరోక్విన్ జాతి మందులు ఆ పులుపును విరిచేస్తాయి, ల్యాబ్ కణాల్లో వైరస్‌ను ఆపుతాయి కూడా. కానీ వియత్నాంలో డెంగీ రోగులకు ఇచ్చి చూస్తే రక్తంలో వైరస్ ఉండే రోజులు తగ్గలేదని 2010లో తేలింది. కరోనా వైరస్‌కైతే ఊపిరితిత్తుల కణాల మీద టీఎంపీఆర్ఎస్ఎస్2 అనే ఎంజైమ్ దొరుకుతుంది. దాని సాయంతో సంచి దాకా పోకుండా గుమ్మంలోంచే దూరిపోతుంది. 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్‌లో హైడ్రాక్సీక్లోరోక్విన్ మరణాలను తగ్గించలేకపోయింది. పైగా ఈ మందు గుండె లయ తప్పించగలదు, అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ తోడైతే ఇంకా భయం.

పాంటాప్ ఆపేది కడుపులో యాసిడ్ వదిలే పంపును, ఎండోసోమ్‌ను పులుపెక్కించే పంపు వేరు. వంటసోడాతో మీకు దక్కేది సోడియమే, బీపీ ఉన్నవాళ్లకు అది అసలు వద్దు.

మిమ్మల్ని చూడకుండా రాస్తున్నాను, కాబట్టి దీన్నే చికిత్స అనుకోవద్దు. రిపోర్టు ఫొటో మాకు పంపుతూ కూర్చోకండి, మీ దగ్గర్లోని డాక్టర్‌కి చూపించండి.