ఒక కష్టానికి నాలుగు ఆఫీసులు ఎందుకు?

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లండ్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాడు. పార్ట్‌టైమ్ చేసిన రెస్టారెంట్ ఓనర్ రెండు నెలల జీతం ఎగ్గొట్టాడు. గట్టిగా అడిగితే హోమ్ ఆఫీస్‌కు (వీసాలు చూసే అక్కడి ప్రభుత్వ శాఖకు) చెప్తానని బెదిరిస్తున్నాడట. అద్దె బాకీ పడింది, రూమ్ ఖాళీ చేయమంటున్నారు. సిటిజన్స్ అడ్వైస్‌కు వెళ్తే ఇంకో రెండు చోట్లకు పంపారు. మేం యూనివర్సిటీకి ఫోన్ చేస్తే వివరాలు చెప్పం అన్నారు. పిల్లాణ్ని ఊరికే తిప్పుతున్నారా? అసలు ఎవరిని పట్టుకోవాలి? – ఒక తండ్రి, వనస్థలిపురం

జవాబు: తిప్పుతున్నారని అనుకోకండి. మన దగ్గర తెలిసిన లాయర్‌నో కార్పొరేటర్‌నో పట్టుకుంటే ఆయనే స్టేషన్‌కూ, ఓనర్‌కూ, ఆఫీసుకూ ఫోన్లు చేసి పెడతాడు. అక్కడ అలా ఉండదు. జీతం సంగతి ఒకరు చూస్తారు, ఇల్లు ఇంకొకరు, వీసా మరొకరు. వీళ్లందరూ ఒకరితో ఒకరు మాట్లాడుకుని పనిచేస్తేనే మీ అబ్బాయి కేసు కదులుతుంది. వాళ్లు అలా మాట్లాడుకోవాలంటే మీ అబ్బాయి వైపు నుంచి జరగాల్సినవి కొన్ని ఉన్నాయి. నేను ఇంగ్లండ్‌లో స్థిరపడి చాలా ఏళ్లయింది, అక్కడ ఒక సలహా కేంద్రంలో వాలంటీర్‌గా పనిచేస్తాను. హైదరాబాద్ వచ్చిన ప్రతిసారీ దిల్‌సుఖ్‌నగర్‌లోనో కూకట్‌పల్లిలోనో ఎవరో ఒకరు ఇదే అడుగుతున్నారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

సిటిజన్స్ అడ్వైస్ 1939లో, రెండో ప్రపంచ యుద్ధం మొదలైన రోజుల్లో పుట్టిన సలహా సంస్థ. ఎవరైనా వెళ్లొచ్చు, డబ్బు తీసుకోరు. వీసా సలహాకు మాత్రం వేరే చట్టం ఉంది. రిజిస్ట్రేషన్ లేకుండా ఇమిగ్రేషన్ సలహా కేంద్రం నడపడం 1999 నాటి ఇమిగ్రేషన్ అండ్ అసైలమ్ యాక్ట్ ప్రకారం నేరం, లాభం కోసం కాకపోయినా సరే. ఆ రిజిస్ట్రేషన్లు చూసే సంస్థను ఇప్పుడు ఇమిగ్రేషన్ అడ్వైస్ అథారిటీ అంటారు, 2025 జనవరికి ముందు దాని పేరు ఓఐఎస్‌సీ. సొలిసిటర్లకు వేరే నియంత్రణ సంస్థ ఉంది. కాబట్టి ఎదురుగా కూర్చున్న అడ్వైజర్ "వీసా గురించి నేను చెప్పకూడదు, చెప్పగలిగినవాళ్లకు రిఫర్ చేస్తాను" అన్నారంటే తన పని సరిగ్గా చేస్తున్నారని అర్థం. మనం భయపడాల్సింది అన్నీ నేనే చూసుకుంటా అనే మనిషిని చూసి.

మీ అబ్బాయి కేసులో అన్నిటికంటే ముఖ్యం, ఏ ఆఫీసుకు ముందు వెళ్లాలన్నది. డిగ్రీ, పీజీ చదివే విద్యార్థి వీసా మీద సాధారణంగా క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. మీవాడు ఆ లోపే చేసి ఉంటే ఓనర్ బెదిరింపులో పస లేదు, జీతం అడగడం అతని హక్కు. మించి చేసి ఉంటే ఇది వట్టి జీతం గొడవ కాదు, వీసా కూడా ముడిపడి ఉంది. అప్పుడు క్లెయిమ్ వేసే ముందే ఇమిగ్రేషన్ అడ్వైజర్ మాట వినాలి. మరోవైపు గడువు ఆగదు. జీతం ఇవ్వని కేసులో ట్రిబ్యునల్‌కు, అంటే ఉద్యోగ వివాదాల కోర్టుకు, వెళ్లాలంటే ముందు ఏకాస్ అనే, ఉద్యోగికీ యజమానికీ మధ్య రాజీ కుదిర్చే సంస్థను సంప్రదించాలి. దానికి ఏళ్లుగా ఉన్న గడువు, జీతం రావాల్సిన తేదీ నుంచి మూడు నెలలకు ఒక రోజు తక్కువ. దాన్ని పొడిగిస్తున్నారని వినే ఉంటారు, అయినా మూడు నెలలే ఉందనుకుని కదలమనండి. వీసా అడ్వైజర్ అపాయింట్‌మెంట్ నాలుగు వారాల తర్వాత దొరికి, ఈలోగా ఏకాస్ గడువు దాటిపోతే ఎవరూ వెనక్కి తేలేరు. ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టి చూసే మనిషి ఒకరుండాలి. ఆ పని మొదట కలిసిన అడ్వైజర్‌దే. మీవాణ్ని ఆ మాట నేరుగా అడగమనండి: "నా కేసు మొత్తం ఎవరు చూస్తున్నారు? ఏ గడువు ముందు వస్తుంది?"

గంటల సంగతి దాచొద్దు. మన పిల్లలు ఎక్కువగా దాచేది ఇదే. అడ్వైజర్‌కు చెప్తే హోమ్ ఆఫీస్‌కు పోతుందేమో అన్న భయం. ప్రాణాపాయం, చిన్నపిల్లలకు హాని లాంటి పరిస్థితి ఉంటే తప్ప విన్నది బయటకు చెప్పకూడదన్నది సలహా కేంద్రాల కట్టుబాటు. సగం దాచి ఒకరికి, మొత్తం చెప్పి ఇంకొకరికి అయితే ఇద్దరి సలహాలూ పొసగవు, మధ్యలో నలిగేది పిల్లాడే.

ఇక సంతకం సంగతి. ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుతో మీవాడి గురించి మాట్లాడాలంటే అతని అనుమతి కావాలి. ఎవరితో మాట్లాడొచ్చు, ఏ విషయం చెప్పొచ్చు అని రాసి సంతకం తీసుకుంటారు. పిల్లలు దాన్ని చదవకుండా సంతకం పెట్టేస్తారు, లేదా అనుమానంతో అసలు పెట్టరు. రెండూ సరికాదు. చదివి, ఎవరెవరికి ఇస్తున్నారో అడిగి పెట్టాలి. జీతం వివరాలు ఏకాస్‌కు చెప్పొచ్చు, ఆరోగ్యం సంగతి ఇంటి ఓనర్‌కు చెప్పొద్దు అని విడివిడిగా కోరవచ్చు. తర్వాత మనసు మారితే వెనక్కి తీసుకోనూ వచ్చు.

యూనివర్సిటీ మీకు వివరాలు చెప్పకపోవడానికీ కారణం ఇదే. ఫీజు కట్టింది మీరే అయినా, పద్దెనిమిదేళ్లు నిండిన విద్యార్థి వివరాలు అతని అనుమతి లేకుండా తల్లిదండ్రులకు కూడా చెప్పరు. బాధ కలుగుతుంది, నాకు తెలుసు. కానీ వాళ్లు మీకు చెప్పకపోయినా, మీరు చెప్పింది వినగలరు. "మావాడు సరిగ్గా తినట్లేదు, ఫోన్ ఎత్తట్లేదు, మాకు ఆందోళనగా ఉంది" అని స్టూడెంట్ సపోర్ట్ విభాగానికి మెయిల్ రాయండి. ప్రాణభయం అనిపిస్తే యూనివర్సిటీ సెక్యూరిటీకి ఫోన్ చేయండి. పిల్లాడితో మాట్లాడి, మిమ్మల్ని కాంటాక్ట్‌గా పెట్టించుకుంటే తర్వాత దారి సులువు.

కాగితాలన్నీ ఒకే ఫైల్‌లో ఉండాలి. నిమ్స్ ఓపీలో ఒకే ఫైల్ పట్టుకుని ఒక డాక్టర్ దగ్గర నుంచి ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్తాం కదా, అలాగే ఇదీ. వీసా వివరాలు, పే స్లిప్పులు, ఏ రోజు ఎన్ని గంటలు చేశాడో రాసుకున్న కాగితం, ఓనర్ పెట్టిన మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు, అద్దె కట్టిన బ్యాంక్ స్టేట్‌మెంట్, జరిగిన సంగతులు తేదీలతో రాసిన ఒక పేజీ. కన్సల్టెన్సీకి కట్టిన రసీదులు హైదరాబాద్‌లో మీ దగ్గరే ఉంటాయి, స్కాన్ చేసి పంపండి. ఎవరైనా "ఇంకో సంస్థకు రిఫర్ చేస్తున్నాం" అంటే మీవాడు రెండు విషయాలు అడగాలి: మీరే వివరాలు పంపిస్తారా, నేనే ఫోన్ చేయాలా? వాళ్లు ఎప్పటిలోగా పలుకుతారు? చాలా కేసులు ఇక్కడే ఆగిపోతాయి. వాళ్లు పిలుస్తారని ఇతను, ఇతను వస్తాడని వాళ్లు. అనుకున్న రోజుకు ఫోన్ రాకపోతే మొదటి అడ్వైజర్ దగ్గరికి మళ్లీ వెళ్లాలి. మొహమాటం వద్దు.

ఇల్లు విషయంలో ముందు తేలాల్సింది, ఇంటి ఓనర్ అదే ఇంట్లో ఉంటున్నాడా అన్నది. వేరే ఉండి మామూలు టెనెన్సీ (అద్దె ఒప్పందం) ఇచ్చి ఉంటే, డిపాజిట్‌ను 30 రోజుల్లోపు ప్రభుత్వ ఆమోదం ఉన్న స్కీమ్‌లో పెట్టాలి. ఊరికే రేపు వెళ్లిపో అనడం కుదరదు. అదే ఇంట్లో ఉంటూ ఒక గది ఇచ్చి ఉంటే రక్షణ బాగా తక్కువ. మన పిల్లలు చాలామంది ఇంకో తెలుగు కుర్రాడి దగ్గర నోటిమాట మీద గది తీసుకుంటారు, అప్పుడు లెక్క ఇంకా మారుతుంది. ఇళ్ల సమస్యలు చూసే షెల్టర్ లాంటి సంస్థకు రిఫర్ చేశారంటే ఈ తేడా తేల్చడానికే.

తిండికి ఇబ్బందిగా ఉంటే ఫుడ్ బ్యాంక్ ఉంది. చాలా ఫుడ్ బ్యాంకులకు నేరుగా వెళ్తే కుదరదు, అడ్వైజరో, డాక్టరో, కాలేజీవాళ్లో వోచర్ ఇవ్వాలి. వీసా మీద పబ్లిక్ ఫండ్స్ (ప్రభుత్వం ఇచ్చే సాయం) తీసుకోకూడదని రాసి ఉంటుంది కదా అని పిల్లలు భయపడతారు. ఫుడ్ బ్యాంక్ ఆ లెక్కలోకి రాదు. పస్తులుండి ఇంట్లో చెప్పని పిల్లలను చూశాను, దయచేసి ఈ ముక్క మీవాడికి ముందే చెప్పండి.

మనవాళ్ల సాయం గురించి కూడా చెప్పాలి. తెలుగు సంఘాల వాళ్లు రాత్రికి రాత్రే గది చూపిస్తారు, టికెట్ కొనిస్తారు, ఆ మేలు మరువలేనిది. అయితే ఒక పెద్దాయన మంచి మనసుతో రెస్టారెంట్ ఓనర్‌కు ఫోన్ చేసి "ఏదో కొంత ఇచ్చి సెటిల్ చేసుకో" అంటే, అవతల ఏకాస్ ద్వారా నడుస్తున్న మాటలు చెడిపోతాయి. ఎవరు ఓనర్‌తో మాట్లాడాలో అడ్వైజర్‌తో అనుకున్నాకే మాట్లాడాలి. బావమరిది స్నేహితుడికీ, వాట్సాప్ గ్రూపుకూ కథ మొత్తం పంపకండి.

కూతురు భర్తతోనో అత్తవారితోనో కష్టపడుతున్న ఇంట్లో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ ఉండాలి. ఆమె ఎక్కడ తలదాచుకుందో హైదరాబాద్‌లో పొరపాటున ఒక్కరికి చెప్పినా సాయంత్రానికి అత్తవారికి తెలుస్తుంది. అక్కడి సంస్థలు చిరునామా మీకు కూడా చెప్పకపోతే తప్పుపట్టకండి. భర్త స్నేహితుల్ని దుబాసీగా ఒప్పుకోవద్దని, ఫోన్‌లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ను అడగమని ఆమెకు చెప్పండి. ఇక్కడ తెలంగాణ పోలీస్ విమెన్ సేఫ్టీ వింగ్‌లో ఎన్నారై సెల్ ఉంది, ఈ వైపు కేసు వాళ్లు చూస్తారు. అక్కడి అడ్వైజర్ నంబర్ ఇక్కడివాళ్లకు ఇచ్చేముందు ఆమెను అడగాలి.

మీరు వనస్థలిపురంలో కూర్చుని చేయగలిగేది కూడా చిన్నదేం కాదు. కన్సల్టెన్సీ మోసం ఉందనిపిస్తే ఫిర్యాదు ఇక్కడి పోలీసులకే ఇవ్వాలి. భారత హైకమిషన్ (అక్కడి మన దౌత్య కార్యాలయం) సాయం కావాలంటే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో మీరే నమోదు చేయొచ్చు, 2015 నుంచి ఉంది. బేగంపేట ప్రజాభవన్‌లో 2024లో మొదలైన ప్రవాసీ ప్రజావాణికీ వెళ్లొచ్చు. ఎక్కడ ఏ నంబర్‌తో ఫిర్యాదు నమోదైందో మీవాడికి పంపండి, అతను ఫైల్‌లో పెట్టుకుంటాడు.

ఈ రాత్రి ఫోన్‌లో మాత్రం రెండే అడగండి: జీతం రావాల్సిన చివరి తేదీ ఏది, వారానికి నిజంగా ఎన్ని గంటలు చేశాడు. రెండో దానికి జవాబు ఏదైనా కోప్పడకండి. ఆ జవాబునే రేపు సిటిజన్స్ అడ్వైస్ అడ్వైజర్‌కు ఉన్నదున్నట్టు చెప్పమనండి.