పేజీ నెమ్మదిగా ఉంటే తప్పు టెంప్లేట్‌దేనా?

ప్రశ్న: హనుమకొండలో బీటెక్ ఫైనలియర్ చదువుతున్నాను. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి, పత్తి ధరలు చూపించే వెబ్‌సైట్‌ను జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్)తో ప్రాజెక్టుగా చేశాను. ధరల పేజీ తెరుచుకోవడానికి 3 సెకన్లు పడుతోంది. టెంప్లేట్లు (సర్వర్‌లో పేజీ తయారుచేసే హెచ్‌టీఎంఎల్ నమూనాలు) వదిలేసి, బ్రౌజర్‌లో పేజీ కట్టే రియాక్ట్‌కు మారమని స్నేహితులు అంటున్నారు. మారాలా? ఈ ప్రాజెక్టు ఉద్యోగానికి పనికొస్తుందా?

జవాబు: రియాక్ట్ నేర్చుకోండి, మంచిదే. కానీ ఈ 3 సెకన్ల కోసం మారకండి. ఆలస్యం డేటాబేస్ దగ్గర ఉంటే రియాక్ట్‌కు డేటా పంపే ఏపీఐ రాసినా అది వెంటే వస్తుంది.

ముందు డీబగ్ టూల్‌బార్ పెట్టి ఎన్ని క్వెరీలు (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలు) వెళ్తున్నాయో చూడండి. పేజీలో 200 వరుసలుండి, ప్రతి వరుసకూ తేజ, వండర్ హాట్, చపాటా లాంటి రకం పేరు వేరే టేబుల్ నుంచి వస్తోందనుకుందాం. జాబితాకు 1, రకాల పేర్లకు 200, మొత్తం 201 క్వెరీలవుతాయి. క్వెరీసెట్ (డేటా అడిగే జాంగో కోడ్) వ్యూలో రాసినప్పుడు నడవదు, టెంప్లేట్‌లో ఫర్ లూప్ మొదలయ్యాకే డేటాబేస్‌ను అడుగుతుంది. అందుకే ఆ సమయమంతా రెండరింగ్ లెక్కలో పడి, నింద టెంప్లేట్ ఇంజిన్ మీదికి వస్తుంది. రకం ఫారిన్ కీ (ఒక వరుసకు ఒకే రకం) అయితే సెలెక్ట్ రిలేటెడ్ చేర్చండి, 201 కాస్తా 1 అవుతుంది. మెనీ టు మెనీ (ఒక వరుసకు పలు రకాలు) అయితే ప్రీఫెచ్ రిలేటెడ్ వాడాలి.

కాషింగ్, అంటే ఒకసారి తయారైనదాన్ని దాచి మళ్లీ వాడడం, ఆ తర్వాతి మాట. ఇందులో రెండు వేర్వేరు సంగతులున్నాయి, ఇంటర్వ్యూల్లో చాలామంది తడబడేది ఇక్కడే. టెంప్లేట్ ఫైలును ఒకసారి చదివి, పార్స్ చేసి మెమరీలో ఉంచడం ఒకటి. డీబగ్ (తప్పుల వివరాలు చూపే సెట్టింగ్) ఆపితే జాంగో మామూలు సెట్టింగ్‌లతో తనంతట తానే ఈ పని చేస్తుంది, 4.1 నుంచి డెవలప్‌మెంట్‌లోనూ చేస్తోంది. తయారైన హెచ్‌టీఎంఎల్ ముక్కను దాచడం రెండోది, అంటే ఫ్రాగ్మెంట్ కాష్. మీ ధరల పట్టికకు కావలసింది ఇదే. 300 సెకన్ల గడువు ఇచ్చి, కీలో (దాచినదాన్ని గుర్తించే పేరులో) తేదీ, పంట పేరు తప్పక చేర్చండి. పంట పేరు మరిచిపోతే పత్తి పేజీలో మిర్చి ధరలు వస్తాయి. లాగిన్ పేరు లాంటివి ఆ ముక్కలో ఉంచకండి, ఒకరి పేరు ఇంకొకరికి కనబడుతుంది.

ఇంకో చిక్కు ఉంది. జాంగో మామూలుగా వాడే లోకల్ మెమరీ కాష్ ఏ ప్రాసెస్‌కు ఆ ప్రాసెస్‌దే. జాంగోను నడిపే సర్వర్ గూనికార్న్‌లో 4 వర్కర్లు (వేర్వేరు ప్రాసెస్‌లు) ఉంటే 4 కాష్‌లు. ఒకదాంట్లో కీ తొలగించినా మిగతా మూడింటిలో పాత ధరే ఉంటుంది, రిఫ్రెష్ కొట్టినప్పుడల్లా ధర మారుతున్నట్టు కనిపిస్తుంది. ధరను నమ్మి రైతు సరుకు తెచ్చే చోట అది చిన్న తప్పు కాదు. వర్కర్లన్నీ పంచుకునే కాష్‌గా రెడిస్ పెట్టండి, 4.0 నుంచి జాంగోలోనే దానికి బ్యాకెండ్ ఉంది.

రెజ్యూమెలో ‘వేగం పెంచాను’ అని రాస్తే ఎవరూ ఆగి చదవరు. డీబగ్ ఆపి, గూనికార్న్ మీద, అపాచీ బెంచ్ (లోడ్ పరీక్షించే సాధనం)తో 500 రిక్వెస్టులు, ఒకేసారి 20 చొప్పున పంపండి. సరిచేయకముందు, క్వెరీ సరిచేశాక, కాష్ పెట్టాక వచ్చిన 95 శాతం వరుసలోని సమయాలు (100లో 95 రిక్వెస్టులు ఆలోపు పూర్తయ్యాయని అర్థం) మూడూ రాయండి. హైదరాబాద్‌లోనైనా, మడికొండ ఐటీ పార్కులోనైనా తర్వాత అడిగేది ఒకటే: కొత్త ధర ఎక్కించాక పాతది ఎలా పోతుంది? ధర సేవ్ అయ్యి ట్రాన్సాక్షన్ కమిట్ అయ్యాక ఆ కీని తొలగించే కోడ్‌ను ముందే రాసి, నడిపి చూపించేలా ఉంచుకోండి.